ఎండుటాకుల్లో జంట చప్పుడు: టౌహీ పిట్టను గుర్తుపట్టడం, పెరట్లో నిలుపుకోవడం

తరువాత చదివేవారికి సందర్భం తెలియాలి కనుక ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. న్యూజెర్సీలోని ఎడిసన్ దగ్గర మీరు కిందటి ఏడాది కొన్న ఇంటి పెరట్లో, కంచె వారనున్న పొదల కింద రోజూ ఉదయం ఎవరో నడుస్తున్నట్టు ఆకుల చప్పుడు వినిపిస్తున్నదనీ, మొదట ఉడుత అనుకున్నారనీ, చివరికి నల్లని తల, ఇటుక రంగు పక్కలు, తెల్లని పొట్ట, ఎర్రని కన్ను గల పిట్ట కనిపించిందనీ, పక్కింటివారు దానిని రాబిన్ అన్నారనీ రాశారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న మీ చెల్లెలు పంపిన ఫోటోలో కారు అద్దాన్ని పొడుస్తున్న మట్టిరంగు పిట్టను పిట్టలను గుర్తుపట్టే మెర్లిన్ అనే ఫోను యాప్ టౌహీ అంటున్నదనీ, ఈ రెండూ ఒకటేనా అనీ, వీటిని ఎలా చూడాలి, ఏం పెట్టాలి అనీ అడిగారు. నేను 22 ఏళ్ళుగా న్యూజెర్సీలో, అంతకు ముందు నాలుగేళ్ళు కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉన్నాను గనుక ఈ రెండు పిట్టలతోనూ నాకు పరిచయం ఉంది.

మీరు చూసినది ఈస్టర్న్ టౌహీ మగపిట్ట. మీ చెల్లెలిగారి కారు మీద యుద్ధం ప్రకటించినది కాలిఫోర్నియా టౌహీ. పేరులో చివరి మాట ఒకటే అయినా ఇవి ఒకే జాతి కావు సరిగదా, దగ్గరి జాతులను కలిపి చెప్పే ప్రజాతి (జీనస్) కూడా వీటికి ఒకటి కాదు. మొదటిది పిపిలో ప్రజాతికి, రెండవది మెలోజోన్ ప్రజాతికి చెందుతాయి. రెండూ అమెరికా ఖండాల పిచ్చుకల కుటుంబంలోనివే కాని, ఆ పిచ్చుకలకూ మన ఇంటి చూరుల్లో గూడు కట్టే ఊరపిచ్చుకకూ దగ్గరి చుట్టరికం లేదు.

పక్కింటివారి పొరపాటుకు కారణం లేకపోలేదు. ఇక్కడి రాబిన్‌కూ నలుపు కలిసిన తల, ఎర్రని రొమ్ము ఉంటాయి. కాని రాబిన్‌కు ఆ ఎరుపు రొమ్మంతా పరుచుకుని ఉంటుంది, టౌహీకి పొట్ట నడుమ తెల్లగా ఉండి, ఇటుక రంగు రెండు పక్కలకే పరిమితమవుతుంది. రాబిన్ బాహాటంగా పచ్చిక మధ్యలో నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, మళ్ళీ పరుగెత్తుతుంది. టౌహీ పొద నీడను దాటి రావడానికి సంకోచిస్తుంది, వచ్చినా వెనక్కి వెళ్ళే దారి చూసుకునే వస్తుంది. పరిమాణంలో కూడా టౌహీ రాబిన్ కంటే చిన్నది, సుమారు 17 నుండి 21 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మన ఊళ్ళలో పెద్ద నల్లంచి అనీ, సరేలగాడనీ పిలిచే పిట్టను చిన్నప్పుడు చూసినవారికి టౌహీ మొదటిసారి కనబడగానే ఏదో పాత పరిచయం తోస్తుంది, ఆ నల్లని ముసుగు, తెల్లని పొట్ట, తోక ఎత్తి నిలబడే తీరు అలాంటివి. పోలిక అంతవరకే, బంధుత్వం లేదు.

ఆడపిట్ట విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దానిని చూసి మరొక జాతి అనుకుంటారు. మగదానికి నలుపు ఉన్న ప్రతిచోటా ఆడదానికి చిక్కటి చాక్లెట్ గోధుమరంగు ఉంటుంది, తక్కినదంతా అదే అమరిక. నా కంటికి ఆడపిట్టే అందంగా కనిపిస్తుంది, ఎండుటాకుల మధ్య ఆ గోధుమరంగుకూ ఇటుక రంగుకూ ఉన్న పొందిక మగదాని నలుపుకు లేదు. జూన్ చివరి నుండి ఆగస్టు వరకు ఒళ్ళంతా చారలున్న గోధుమరంగు పిట్ట ఒకటి అవే పొదల్లో తిరుగుతూ మిమ్మల్ని అయోమయంలో పడేస్తే, అది ఆ ఏటి పిల్ల అని తెలుసుకోండి. ఏ వయసులోనైనా అది ఎగిరినప్పుడు తోక చివరి మూలల్లో తెలుపు తళుక్కున మెరుస్తుంది. పొదలోకి దూకే ఆ ఒక్క క్షణమే మీకు దక్కినా, ఆ మెరుపు గుర్తింపుకు చాలా సాయం చేస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగానికి వస్తాను. మీరు పిట్టను కళ్ళతో చూడకముందే చెవులతో పట్టుకున్నారు. టౌహీని చూడడానికి సరైన పద్ధతి అదే. దుర్భిణి పట్టుకుని చెట్ల కొమ్మలు వెతికేవారికి అది కనబడదు, నేల వైపు చెవి పెట్టి రెండు నిమిషాలు కదలకుండా నిలబడినవారికి కనబడుతుంది.

ఆ చప్పుడు ఎలా పుడుతుందో తెలిస్తే దానిని ఇతర చప్పుళ్ళ నుండి వేరు చేయడం సులువు. మన ఇళ్ళ దొడ్లలో కోడి పెంటకుప్పను గీకేటప్పుడు ఒక కాలు, తరువాత మరొక కాలు వాడుతుంది. టౌహీ రెండు కాళ్ళనూ ఒక్కసారే వాడుతుంది. ఉన్నచోటనే చిన్న గెంతు ముందుకు వేసి, వెంటనే రెండు కాళ్ళతోనూ ఆకులను పట్టి వెనక్కి ఈడ్చి విసురుతుంది, అలా బయటపడిన నేల మీదకు వంగి పురుగో గింజో ఏరుకుంటుంది. అందువల్ల చప్పుడు "చర్ర్-చర్ర్" అని జంటగా వచ్చి, ఆగి, మళ్ళీ జంటగా వస్తుంది. ఆ ఆగడం తినే సమయం. ఉడుత చప్పుడులో ఈ విరామాల లెక్క ఉండదు, అది గెంతుకుంటూ చోటు మారుతూ పోతుంది. రాబిన్, బ్రౌన్ త్రాషర్ వంటివి ఆకులను ముక్కుతో పక్కకు తిప్పి పారేస్తాయి, కనుక ఆ శబ్దం తేలికగా, ఒంటిగా ఉంటుంది. చలికాలంలో మీ పెరట్లోకి వచ్చే తెల్లగొంతు పిచ్చుకలూ, ఫాక్స్ స్పారో అనే పెద్ద ఎర్రపిచ్చుకా కూడా రెండు కాళ్ళతోనే గీకుతాయి. నవంబరు నుండి మార్చి వరకు ఈ జంట చప్పుడు వినగానే టౌహీ అని తేల్చకండి. ఏప్రిల్ దాటాక వినిపిస్తే మాత్రం నిశ్చింతగా టౌహీ కోసమే చూడవచ్చు. బరువు చూస్తే 32 నుండి 53 గ్రాములకు మించని పిట్ట అంత అలికిడి చేయగలదని మా ఇంటికి వచ్చిన అతిథులు ఎవరూ మొదట నమ్మలేదు. ఒకసారి మా మామగారు గుంటూరు నుండి వచ్చి ఉన్నప్పుడు, పెరట్లో దొంగలున్నారని తెల్లవారుజామున నన్ను లేపారు.

రెండవ దారి దాని గొంతు. టౌహీ అన్న పేరే దాని పిలుపుకు అనుకరణ. 18వ శతాబ్దంలో కరోలినా ప్రాంతపు జీవజాలాన్ని చిత్రించిన మార్క్ కేట్స్‌బీ అనే ఆంగ్లేయుడు ఆ పేరుతో దీనిని నమోదు చేశాడు. అదే పిలుపును "చివింక్" అని విన్నవారు దానిని ఆ పేరుతోనే పిలిచారు, అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో "జోరీ" అన్నారు. చెవి ఎలా వింటే పేరు అలా స్థిరపడిందన్నమాట. ఈ పిలుపు ఏడాది పొడుగునా వినిపిస్తుంది. వసంతంలో మగపిట్ట పాడే పాట వేరు. మొదట ఒక పదునైన స్వరం, తరువాత దిగువ స్వరం, ఆపైన వణుకుతూ సాగే మూడో భాగం. దీనిని ఇక్కడివారు "డ్రింక్ యువర్ టీ" అని గుర్తుపెట్టుకుంటారు, చివరి "టీ" అక్షరాన్ని బాగా సాగదీయాలి. మా పిల్లలు చిన్నప్పుడు దానిని "చాయ్ తాగవోయీఈఈ" అని మార్చుకున్నారు. శాస్త్రీయత మాట ఎలా ఉన్నా, ఒకసారి అలా విన్నాక మరచిపోవడం కష్టం.

ఎర్ర కన్ను విషయంలో ఒక మాట. ఈ జాతి శాస్త్రీయ నామంలోని ఎరిత్రోఫ్తాల్మస్ అన్న మాటకు గ్రీకులో ఎర్రకన్ను గలది అనే అర్థం. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ 1758లోనే ఆ పేరు పెట్టాడు. అయితే ఫ్లోరిడాకు వెళ్ళి చూస్తే ఇదే జాతి పిట్టకు కన్ను పాలిపోయిన తెల్లగా ఉంటుంది. ఓర్లాండోలో పిల్లలకు డిస్నీ చూపించడానికి వెళ్ళినప్పుడు బస దగ్గరి పొదల్లో తెల్లకన్ను టౌహీ కనబడితే కొత్త జాతిని కనుగొన్నామని పొంగిపోనక్కరలేదు.

దానిని చూసే పద్ధతి గురించి అడిగారు. సూర్యోదయం తరువాతి గంటన్నర మంచి సమయం. పెరటి తలుపు తీసుకుని బయటకు రావడం కంటే, ముందే బయట కుర్చీలో కూర్చుని ఉండడం మేలు, ఎందుకంటే టౌహీ మీరు కూర్చోవడాన్ని క్షమిస్తుంది, కదలడాన్ని క్షమించదు. చప్పుడు వినిపించిన చోటికి నడవకండి. దుర్భిణిని ఆ పొద కింద నేలకు గురిపెట్టి ఉంచి ఎదురుచూడండి, ఆకులు ఎగిరిపడడం ముందు కనిపిస్తుంది, తరువాత పిట్ట కనిపిస్తుంది. 8 రెట్లు పెద్దదిగా చూపే మామూలు దుర్భిణి చాలు. ఏప్రిల్ మూడో వారం నుండి జూన్ వరకు మగపిట్ట పొద పైకొమ్మకో, నడితరం చెట్టుకో ఎక్కి పాడుతుంది, మొత్తం ఏడాదిలో అది దాచుకోకుండా కనిపించే కాలం అదొక్కటే. పెదవులతో "ష్ష్ ష్ష్" అని మెల్లగా చప్పుడు చేస్తే ఏమిటో చూద్దామని పొద అంచుకు వస్తుంది. ఒకటి రెండుసార్లకు మించి ఆ పని చేయకండి. యాప్‌లోని పాటను స్పీకర్‌లో వినిపించి దానిని రప్పించే అలవాటు కొందరికి ఉంది, గూడు పెట్టే కాలంలో అది మగపిట్టకు లేని శత్రువును సృష్టించి తిండీ కాపలా మానిపిస్తుంది గనుక నేను ఒప్పుకోను.

పెరట్లో దానిని నిలుపుకోవడం గురించి నా అభిప్రాయం కాస్త మొండిగా ఉంటుంది. పిట్టలకు గింజలు పెట్టే ఫీడరు కొనడానికి ముందు ఆకులు ఊడ్చడం మానండి. టౌహీకి కావలసిన భోజనం, ఇల్లు, ప్రసూతి గది, అన్నీ ఆ ఎండుటాకుల పొరలోనే ఉన్నాయి. పెంకుపురుగులు, గొంగళిపురుగులు, సాలెపురుగులు, నత్తలు, రోకలిబండలు, రాలిన గింజలు, ఓక్ కాయలు, పొదల పండ్లు, ఇవన్నీ దాని ఆహారం. పిల్లలను పెంచే రోజుల్లో పురుగుల వాటా మరీ పెరుగుతుంది. పచ్చికకు పురుగుమందు కొట్టించి, ఆకులన్నీ సంచుల్లో నింపి వీధి చివర పెట్టించి, ఆపైన ఇరవై డాలర్ల గింజల సంచీ కొని టౌహీ కోసం ఎదురుచూడడం, వంటిల్లు కూల్చి వీధిలో అన్నదానం పెట్టడం వంటిది. మా సందులో ఇళ్ళన్నిటికీ వచ్చే ఆకులూదే యంత్రాల చప్పుడు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. మా పెరట్లో వెనుక కంచె పొడుగునా 10 అడుగుల వెడల్పు పట్టీకి మాత్రం ఆ యంత్రం వెళ్ళకూడదని మనుషులకు ముందే చెప్పి, తాడు కట్టి ఉంచుతాను. తాడు కట్టని ఏడాది ఏం జరిగిందంటే, నేను బజారుకు వెళ్ళి వచ్చేలోపు నున్నగా ఊడ్చిపెట్టి, శుభ్రంగా చేశామని అదనంగా టిప్పు కూడా ఆశించారు.

గూడు కూడా ఆకుల్లోనే. ఆడపిట్ట పొద మొదట్లో నేల మీదనే, గూటి అంచు ఆకుల మట్టానికి సమంగా ఉండేట్టు, గడ్డి, బెరడు పీచులు, ఆకులు పేర్చి గిన్నెలా కట్టుకుంటుంది. కొన్నిసార్లు నేల నుండి రెండు మూడు అడుగుల ఎత్తులో కూడా పెడుతుంది. సాధారణంగా 3 నుండి 5 గుడ్లు, వాటిని ఆడదే 12, 13 రోజులు పొదుగుతుంది. పిల్లలు 10 నుండి 12 రోజుల్లో గూడు విడుస్తాయి. ఒక వేసవిలో రెండు కాన్పులు మామూలే. పొదిగే పిట్ట మీరు దగ్గరకు వచ్చేదాకా కదలదు, తప్పనప్పుడు కొన్నిసార్లు ఎగరకుండా ఎలుకలా నేల మీదనే పరుగెత్తి పోతుంది. ఈ సంగతి నాకు తెలియని రోజుల్లో, ఒక మే నెలలో, హైడ్రాంజియా పొద కింద ఆకులను నేనే పలుగుదంతెతో లాగాను. ఏదో ఎలుక పరుగెత్తిందనుకున్నాను. దంతె పళ్ళకు చిక్కిన గూడు, అందులో పగిలిన మూడు గుడ్లు చూశాక గాని విషయం అర్థం కాలేదు. ఆ తల్లి ఆ పొద దగ్గరకు ఆ ఏడాది మళ్ళీ రాలేదు. అప్పటి నుండి మా ఇంట్లో ఏప్రిల్ మొదలు ఆగస్టు వరకు పొదల కింద పని నిషిద్ధం. చట్టం మాట కూడా తెలుసుకోండి, 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం ఈ పిట్టలనూ, వాటి గుడ్లనూ, ఈకలనూ కూడా పట్టుకుని ఉంచుకోవడం నేరం. పిల్లలు రాలిన ఈక తెచ్చి పుస్తకంలో పెట్టుకుంటామంటే ఫోటో తీసి అక్కడే వదిలేయమని చెప్పండి.

ఆ గూటిలో ఒకటి రెండు గుడ్లు కౌబర్డ్ అనే పిట్టవి కావడం తరచుగా జరుగుతుంది. మన కోకిల కాకి గూటిలో గుడ్డు పెట్టినట్టే అది పరుల గూళ్ళలో పెట్టి వెళ్ళిపోతుంది. ఈస్టర్న్ టౌహీ ఆ తేడాను పట్టుకున్నట్టు కనబడదు. జాలిపడి మీరు ఆ గుడ్డును తీసేయబోకండి, కౌబర్డ్ గుడ్డుకూ అదే చట్టం వర్తిస్తుంది.

ఆకులు వదిలేయమనగానే న్యూజెర్సీలో ఎవరైనా అడిగే ప్రశ్న పిడుదుల గురించి, అది సరైన ప్రశ్న. లైమ్ జ్వరాన్ని మోసే నల్లకాళ్ళ పిడుదులు ఆకుల పొరలోనే ఉంటాయి. అందుకే నేను ఆకుల పట్టీని పెరటి చివరకు పరిమితం చేసి, దానికీ పిల్లలు ఆడే పచ్చికకూ నడుమ 3 అడుగుల వెడల్పున చెక్కపొట్టు పరిచాను. ఆ పట్టీలోకి వెళ్ళవలసి వస్తే పొడుగు మేజోళ్ళలోకి ప్యాంటు దోపుకుని వెళ్ళి, వచ్చాక ఒళ్ళు చూసుకుంటాము. పిట్టకూ మనకూ చోటు వేరు చేస్తే ఇద్దరికీ ఇబ్బంది లేదు.

ఇక గింజలు. గొట్టంలా వేలాడే ఫీడరుకు టౌహీ అలవాటుపడదు, అది నేల మీద తినే పిట్ట. పొద అంచు నుండి రెండు మూడు అడుగుల దూరంలో, నేల మీదనే గాని, అడుగు ఎత్తున్న పళ్ళెంలో గాని గుప్పెడు చల్లండి. దుకాణాల్లో వైట్ ప్రోసో మిల్లెట్ అనే పేరుతో పక్షుల కోసం అమ్మేవి మన వరిగలే, టౌహీకి అవి చాలా ఇష్టం. నల్ల పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న నూక కూడా తింటుంది. మన ఇళ్ళలో మిగిలిన పులిహోర, జంతికల పొడి వంటివి ప్రేమతో వేసేవారిని చూశాను, ఉప్పూ నూనే పిట్టకు మంచివి కావు, పైగా రకూన్లనూ ఎలుకలనూ పిలిచినట్టవుతుంది. సాయంత్రానికి మిగలనంత మాత్రమే వేసి, తడిసి బూజు పట్టిన గింజలను వెంటనే తీసేయండి. గింజలకంటే నీళ్ళు ఎక్కువ పని చేస్తాయని నా అనుభవం. రెండు అంగుళాలకు మించని లోతు గల మట్టి పళ్ళెం పొద దగ్గర నేల మీద పెట్టి, రోజూ నీళ్ళు మార్చండి, జూలై మధ్యాహ్నాల్లో అది వచ్చి స్నానం చేయడం చూడవచ్చు. కొత్త పొదలు నాటే ఆలోచన ఉంటే ఈ నేలకు చెందిన బ్లూబెర్రీ, బేబెర్రీ, ఆరోవుడ్, సర్వీస్‌బెర్రీ వంటివి నాటండి, వాటిని గుండ్రంగా బోడిగుండులా కత్తిరించకుండా కింది కొమ్మలు నేలను తాకేట్టు వదలండి.

గింజలు పెట్టిన చోటికి పిల్లులు వస్తున్నాయేమో చూసుకోండి. నేల మీద తిని నేల మీద గూడు పెట్టే పిట్టకు బయట తిరిగే పిల్లిని మించిన ఆపద లేదు. అమెరికాలో పిల్లులు ఏటా 130 నుండి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయని 2013లో వెలువడిన ఒక అంచనా చెబుతుంది. రెండవ ఆపద కిటికీ అద్దాలు. గింజల పళ్ళెం అద్దానికి 3 అడుగుల లోపలైనా ఉండాలి, 30 అడుగుల అవతలైనా ఉండాలి, మధ్య దూరంలో ఉంటే పిట్ట బెదిరి ఎగిరినప్పుడు పూర్తి వేగంతో వచ్చి కొట్టుకుంటుంది. అద్దం బయటి వైపు రెండేసి అంగుళాల ఎడంతో చుక్కల స్టిక్కర్లు అంటించడం మాకు బాగా పనిచేసింది, గద్దబొమ్మ ఒక్కటి అంటించడం వల్ల ఏమీ ఒరగలేదు.

అద్దాల మాట వచ్చింది గనుక మీ చెల్లెలిగారి కారు దగ్గరకు వెళదాం. కాలిఫోర్నియా టౌహీ జంట ఏడాది పొడుగునా ఒకే చోటును అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ చోటులో మరొక టౌహీని సహించదు. అద్దంలో కనిపించేది తానే అని దానికి తెలియదు, ఎంత పొడిచినా పారిపోని మొండి శత్రువు అనుకుంటుంది, తాను ఎంత ఉధృతంగా పొడిస్తే అవతలివాడూ అంత ఉధృతంగా పొడుస్తాడు గనుక యుద్ధానికి అంతు ఉండదు. మందులు, బెదిరింపులు అవసరం లేదు, కారు నిలిపినప్పుడు పక్క అద్దాలకు పాత మేజోడో ప్లాస్టిక్ సంచీయో తొడిగి ఉంచమనండి. గూడు పెట్టే ఊపు తగ్గాక చాలావరకు అదే మానుకుంటుంది. సన్నీవేల్‌లో మా అపార్ట్‌మెంటు కార్ల వరుసలో ఏటా మార్చి రాగానే అద్దాలకు మేజోళ్ళు వెలిసేవి, కొత్తగా వచ్చినవారు అదేదో స్థానిక పండుగ అనుకునేవారు.

ఆ పిట్టను చూసి రంగు లేదని చిన్నచూపు చూడవద్దని కూడా చెప్పండి. పైకి అంతా మట్టిరంగే అయినా, తోక కింద మాత్రం తుప్పురంగు దాచుకుని ఉంటుంది. దాని పిలుపు గాజును తాకినట్టు పదునైన ఒంటి శబ్దం. పాట అదే శబ్దం మెల్లగా మొదలై వేగం పుంజుకుంటూ పోవడం, గచ్చు మీద పడిన రూపాయి బిళ్ళ ఆగబోయే ముందు గడగడలాడినట్టు ఉంటుంది. జంటలోని రెండూ కలుసుకున్నప్పుడు కీచుమని ఒకేసారి అరుచుకుంటాయి, అది పోట్లాట కాదు, పలకరింపు. ముట్టుకుంటే దద్దురు లేచే పాయిజన్ ఓక్ పొదల్లో హాయిగా గూడు పెట్టి, దాని కాయలు తింటుంది. దీనినీ అరిజోనా వైపుండే కాన్యన్ టౌహీనీ కలిపి 1989 వరకు బ్రౌన్ టౌహీ అనే ఒకే జాతిగా లెక్కించేవారు. మోహావీ ఎడారి వైపు ఇన్యో కౌంటీలోని ఆర్గస్ కొండల్లో ఉండే దీని ఉపజాతిని, సంఖ్య మరీ తగ్గిపోవడంతో, 1987లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. ఫ్రీమాంట్ చుట్టుపక్కల కొండదారుల పొదల్లో నలుపు, ఇటుక రంగు కలిసి మీ పెరటి పిట్టను పోలినది, రెక్కల మీద తెల్లచుక్కలున్నది కనబడితే అది స్పాటెడ్ టౌహీ.

స్పాటెడ్ టౌహీనీ మన ఈస్టర్న్ టౌహీనీ 1995 వరకు రూఫస్ సైడెడ్ టౌహీ అనే ఒకే పేరుతో పిలిచేవారు. పాత పుస్తకాల్లో ఆ పేరు కనబడితే కంగారుపడకండి. నెబ్రాస్కాలో ప్లాట్ నది వెంట ఈ రెండు జాతులూ కలిసి సంకరం అవుతాయి, అయినా పాటలోనూ చుక్కలలోనూ భేదం స్పష్టంగా ఉండడంతో వేరు చేశారు. పడమటి పిట్ట "చాయ్ తాగవోయీ" అనదు, ముక్కుతో సాగదీసిన ఒక బుస వంటి పాట, పిల్లి మూలిగినట్టుండే పిలుపు దానివి. ఇతర ఊళ్ళలో ఉన్న మనవారు కూడా అడుగుతూ ఉంటారు కనుక చెబుతున్నాను. సియాటిల్‌లో స్పాటెడ్ టౌహీ ఏడాదంతా పెరళ్ళలోనే ఉంటుంది. డల్లస్, ఫ్రిస్కో వైపు చలికాలంలో వస్తుంది. ఫీనిక్స్‌లో కాలువల గట్ల వెంబడి, తోటల్లో నల్లముఖం గల ఆబర్ట్స్ టౌహీ ఉంటుంది. కొలరాడో కొండల మీద వేసవిలో ఎర్రటోపీ, ఆకుపచ్చ తోక గల గ్రీన్ టెయిల్డ్ టౌహీని చూడవచ్చు.

అడవిలో చూడాలంటే మీకు న్యూజెర్సీని మించిన చోటు అక్కరలేదు. దక్షిణ న్యూజెర్సీలోని పైన్ బారెన్స్‌లో, ముఖ్యంగా వార్టన్ స్టేట్ ఫారెస్టులో బాట్స్టో గ్రామం చుట్టూ, మే నెల ఉదయం ఇసుకబాట మీద నడుస్తుంటే ఒక టౌహీ పాట వినిపించని క్షణం ఉండదు. 1978లో జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఆ 11 లక్షల ఎకరాల పైన్ అడవిలో చెట్లు పలచగా, కింద బ్లూబెర్రీ జాతి పొదలు, పొట్టి ఓక్‌లు దట్టంగా ఉంటాయి, అప్పుడప్పుడు అంటుకునే మంటలు, అటవీ సిబ్బంది చలికాలం చివర జాగ్రత్తగా పెట్టే మంటలు ఆ పొదలను పొదలుగానే నిలుపుతాయి. అక్కడికి ఎడిసన్ నుండి గంటన్నర ప్రయాణం. అంత దూరం వద్దనుకుంటే, బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళిన రోజున దర్శనం అయ్యాక సోర్లాండ్ కొండ వైపు వెళ్ళండి. దట్టమైన అడవి నడుమ కంటే దాని అంచుల్లో, హైటెన్షన్ తీగల కింద చెట్లు కొట్టి ఉంచిన పట్టీల్లో వెతకండి.

ఆ తీగల పట్టీని చిన్నబుచ్చకండి, ఈ పిట్ట చరిత్ర అంతా అందులో ఉంది. టౌహీ పెద్ద అడవి పిట్ట కాదు, పొలం అడవిగా మారే నడిమి దశకు చెందిన పిట్ట. 19వ శతాబ్దంలో న్యూ ఇంగ్లండ్ రైతులు రాళ్ళ పొలాలను వదిలి వెళ్ళిపోతే అవి పొదలెక్కాయి, టౌహీలు పెరిగాయి. ఆ పొదలే మరికొన్ని దశాబ్దాలకు ఎత్తైన అడవులయ్యాయి, మిగిలిన చోట ఇళ్ళు లేచాయి, టౌహీలు తగ్గాయి. చెట్లు పెరిగితే పిట్టలు పెరుగుతాయన్న మన సాధారణ లెక్క ఇక్కడ తిరగబడింది. మీరు మీ కంచె వారన పెంచే ఆ చిక్కుచిక్కు పొద నిజానికి తగ్గిపోతున్న ఆ నడిమి దశకు ఒక ముక్క. ఎదురింటివారు దానిని కలుపు అంటే పిట్టల పొద అని పేరు మార్చి చెప్పండి, ఇంటి యజమానుల సంఘాలు గల చోట ఆ పేరుతో ఒక చిన్న బోర్డు పెడితే చాలాసార్లు నోటీసు రాదు.

చివరగా, మీరు నమోదు చేయదలిస్తే, చూసిన పిట్టల వివరాలు ఎవరైనా రాసిపెట్టగల ఈబర్డ్ అనే వెబ్‌సైటులో తేదీ, సమయం, మగో ఆడో రాయండి. మీ పెరటి టౌహీ అక్టోబరులో దక్షిణానికి వెళ్ళిపోతుంది, కొన్ని మాత్రం చలికాలమంతా ఇక్కడే నిలుస్తాయి. ఆ చలికాలంలో ఎప్పుడైనా టౌహీ కనబడితే ఇంట్లోకి పరుగెత్తి ఎవరినీ పిలవకుండా ముందు దాని వీపు ఫోటో తీయండి. రెక్కల మీద తెల్లచుక్కలు వరుసగా ఉంటే అది పడమటి నుండి దారితప్పి వచ్చిన స్పాటెడ్ టౌహీ, తూర్పు తీరంలో అరుదు. అలాంటిది దొరికితే ఫోటోను ఇక్కడ పెట్టండి, ఆ శనివారమే మీ ఇంటికి కాఫీకి వస్తాను.